గొడుగు తెచ్చిన మనిషి

పంజాగుట్ట, హైదరాబాద్
12 జూన్ 2024

పిన్నీ,

ఈ మాట ఫోన్లో వరహాలు పిన్నికి చెప్పి, చెవులు వినపడని నువ్వు ఆవిడ పెదాలు చూసి అర్థం చేసుకోవడం నాకు ఇష్టం లేక కాగితం తీశాను. నన్ను డైరెక్టర్ని చేశారు.

మళ్లీ ఒకసారి చదువుకున్నావు కదూ? నేనూ మళ్లీ ఒకసారి అడిగాను. హనుమత్ప్రసాద్ గారు నవ్వారు. పదమూడేళ్లుగా ఆయన తీసే సీరియళ్లన్నిటికీ ఎడిటింగ్ నాదే కదా. బ్యాంకు వెనక సందులో, మూడో అంతస్తులో, కిటికీ లేని గది. ఎంతమంది డైరెక్టర్లు మారినా ఆ కుర్చీ మాత్రం నాది. మొన్న పిలిచి, "ఎవరు ఏ షాట్ తియ్యడం మర్చిపోయారో నీకే ముందు తెలుస్తుందమ్మా. ఇంక నువ్వే తీసెయ్" అన్నారు. నా అసిస్టెంటు నవీన మాత్రం, "అక్కా, ఏసీ రూంలకెళ్లి ఎండల పడుతున్నవ్. జర ఆలోచన జేస్కో" అంది. నా కుర్చీ ఇప్పుడు ఆ పిల్లదే.

అసలు సంగతి ఇది. సాయంత్రం ఏడున్నరకి కొత్త సీరియల్ కావాలన్నారు. ఛానెల్ తరఫున కథలు చూసే దుర్గేష్ గారు వచ్చి కూర్చున్నారు. అందరూ చెప్పిందే చెబుతున్నారు. ఉన్నట్టుండి నా నోటి నుంచి మన సామర్లకోట ఇల్లు వచ్చేసింది. బాబాయి పోయిన పన్నెండో రోజు. వాన. గేటు దగ్గర అయిదేళ్ల పిల్లాణ్ణి పట్టుకుని ఒకావిడ. చేతిలో బాబాయి నల్ల గొడుగు. వేసుకోకుండా, మడిచి పట్టుకుని తడుస్తోంది. "ఇది ఆయన మా ఇంట్లో మర్చిపోయారండి" అంది. ఆ ఒక్క మాటతో ఇంటినిండా ఉన్న చుట్టాలకి అంతా అర్థమైపోయింది. గూడ్సు గార్డు ఉద్యోగంలో విజయనగరంలో అన్ని రాత్రులు ఎందుకు ఉండిపోయేవాడో కూడా. నువ్వు మాత్రం, "పిల్లాడు తడుస్తున్నాడు, లోపలికి రా" అన్నావు. అలా వచ్చిన వరహాలు పిన్ని ఇరవై ఏడేళ్లయినా వెనక్కి వెళ్లలేదు.

అమ్మ పోయి నీ దగ్గరికి వచ్చిన ఏడాదే అది. పదేళ్లదాన్ని, మెట్ల మీద కూర్చుని చూశాను. ఇప్పటికీ కళ్లు మూసుకుంటే కనిపిస్తుంది. చెప్పడం ఆపేసరికి దుర్గేష్ గారు ఫోను పక్కన పెట్టేశారు. "ఇదే చేద్దాం" అన్నారు.

నోరు జారాను పిన్నీ. నీ బదిలీ మీద తుని వచ్చాక వరహాలు పిన్నిని నీ చిన్నాన్న కూతురని కదా అందరికీ చెప్పుకున్నాం. పేర్లు మారుస్తాను, ఊళ్లు మారుస్తాను. అయినా నువ్వు సరే అంటేనే. ఆవిణ్ణి కూడా కూర్చోబెట్టి అడుగు. ఇద్దరిలో ఎవరు వద్దన్నా మానేస్తాను.

నీ
మంజూష


తుని
18 జూన్ 2024

మంజూషా,

బుధవారం వేసిన ఉత్తరం సోమవారం చేరింది. నేను పోస్టాఫీసు కౌంటర్లో ఉన్న రోజుల్లో అయితే ఎక్కడ పడుకుందో పట్టుకుని అడిగేదాన్ని.

డైరెక్టరువి అయ్యావన్న మాట చదివి గుమ్మంలోనే కూర్చుండిపోయాను. వరహాలు కంగారుపడి నీళ్లు తెచ్చింది. కాగితం చూపించాను. దానికి చదువు రాదు కదా, నీ సంతకం మీద వేలు పెట్టి, "ఇది మంజు పేరు" అంది. అది ఒక్కటి గుర్తుపడుతుంది. చేత్తో కెమెరా తిప్పినట్టు చూపిస్తే అర్థమై, ఆ పూట బూరెలు చేసింది. పక్కింటి జానకీదేవి గారికీ పంపింది.

చిన్నప్పుడు నా పక్కన కూర్చుని టీవీ చూసేదానివి గుర్తుందా? నాకు చెవులు అప్పటికే పోతున్నాయని సౌండు పెంచేవాళ్లు. నువ్వేమో, "పూర్తిగా తీసేద్దాం పిన్నీ, బొమ్మ చూసి కథ చెప్పుకుందాం" అనేదానివి. నీ చదువు అక్కడే మొదలైందని నేను అనుకుంటాను. నువ్వు కాదన్నా సరే.

కథ సంగతి. నాది నేను ఇస్తున్నాను, తీసుకో. ఇద్దరి తరఫునా చెబుతున్నాను. నన్ను మాత్రం మరీ దేవతని చెయ్యకు. ఆ రోజు నేను గొప్ప మనసుతో ఏమీ అనలేదు. పిల్లాడు నిజంగా తడుస్తున్నాడు.

పూటకో టీ తాగి కడుపు కాల్చుకోకు.

భూలక్ష్మి


అమీర్‌పేట
3 సెప్టెంబర్ 2024

పిన్నీ,

రెండున్నర నెలలు రాయలేదని తిట్టుకుంటూ ఉంటావు. తిట్టు. ఇప్పుడు కూడా లైట్లు సర్దుతుంటే వంటింటి గట్టు మీద కూర్చుని రాస్తున్నాను. వంటిల్లు మనది కాదు, షూటింగుది. అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ల వెనక వీధిలో పాత డాబా ఇల్లు దొరికింది. అచ్చం సామర్లకోట మెట్లే. కాకపోతే మూడు వైపులా హాస్టళ్లు. నీ పాత్ర వేసే ఆవిడ కన్నీళ్లు పెట్టుకునే సమయానికి ఎదురు హాస్టల్లో చట్నీకి మిక్సీ వేస్తారు.

ఎడిటింగ్ గదిలో ఉన్నంతకాలం డైరెక్టరంటే అన్నీ తన చేతిలో ఉన్నవాడనుకునేదాన్ని. నిజానికి నా చేతిలో ఉన్నది ఒక కుర్చీ. ప్రొడక్షన్ మేనేజర్ రాజనర్సయ్య గారు గంటకోసారి వాచీ చూపిస్తారు. "మేడమ్, పొద్దుగూకే వరకు ఇరవై నిమిషాల సరుకు రావాలె. మీరేమో పొద్దటికెళ్లి ఒక్క గేటు కాడనే నిలవడ్డరు" అంటారు. మంచి మనిషే. గేటు సీన్ తీస్తుంటే వాన ట్యాంకరు అయిపోతే, ఏం మాట్లాడకుండా వెళ్లి ఇంకొకటి తెచ్చారు.

వరహాలు పిన్ని పాత్ర వేస్తున్న అమ్మాయి పేరు రవళి. గేటు దగ్గర నిలబడి నన్ను అడిగింది: "మేడమ్, ఆవిడ గొడుగు ఎందుకు తెచ్చింది? నాకూ హక్కుందని చూపించడానికా? ఊరికే ఇచ్చేసి పోదామనా?" నాకు తెలియదన్నాను. ఇన్నేళ్లూ ఒక్క ఇంట్లో ఉన్నాం, ఎప్పుడూ అడగలేదే అనిపించింది. నువ్వు ఎప్పుడైనా అడిగావా?

పదహారో తేదీ సోమవారం మొదలవుతుంది. సీరియల్ పేరు వాళ్లే పెట్టారు. నాకు సిగ్గుగా ఉంది, నువ్వే చూడు. చివర్లో నా పేరు పడుతుంది. వరహాలు పిన్నికి చదివి వినిపించు. ఆవిడ ఒప్పుకున్నందుకు నేను మళ్లీ విడిగా థాంక్స్ చెప్పాలి.

పిలుస్తున్నారు.

మంజు


తుని
9 అక్టోబర్ 2024

చిట్టితల్లీ,

ఇన్నాళ్లూ కావాలనే రాయలేదు. ముందు కళ్లనిండా చూద్దామని.

రోజూ ఏడుంపావుకే వంటిల్లు కట్టేస్తున్నాం. నేను పేర్లు చదువుతాను, వరహాలు మాటలు విని వేళ్లతో, పెదాలతో నాకు చెబుతుంది. దర్శకత్వం అని పడగానే నేను "మంజూష" అని గట్టిగా అంటాను. గట్టిగానే అంటున్నానట, జానకీదేవి గారి ఇంటికి వినిపిస్తోందట.

గేటు సీన్ గురించి. "లోపలికి రా" అనే ముందు ఆ నటి మొహం మీద చాలాసేపు ఉంచావు. నేను అంతసేపు ఆలోచించలేదమ్మా. అయినా బాగుంది. ఆలోచించి ఉంటే అలాగే ఉండేదాన్నేమో. మా ఆయన్ని గోడ మీద ఫోటోలో తప్ప చూపించకపోవడం మరీ బాగుంది.

ఇప్పుడు ఒక మాట చెప్పాలి. నేను వరహాలుని అడగలేదు. నా కథే కదా అనుకున్నాను. ఎలా అడగాలో కూడా తెలియలేదు. చూసి ఆనందిస్తుందిలే అని ఊరుకున్నాను. గేటు సీన్ వచ్చిన రోజు అది కదలకుండా కూర్చుంది. ప్రకటనలు వస్తున్నా కదల్లేదు. కాసేపటికి నా వైపు తిరిగి, "అక్కా, అది నేనే కదా" అంది. అవునన్నాను. "నేను అంత అందంగా ఉన్నానా ఆ రోజు?" అంది. ఉన్నావన్నాను.

మర్నాడు అది చేసిన పని విను. జానకీదేవి గారి అరుగు మీద నలుగురూ ఉండగా, "ఆ గొడుగు మనిషిని నేనే" అని చెప్పేసింది! ఇరవై ఏళ్లు దాచిన మాట. నేను భయపడ్డాను కానీ ఎవరూ ఏమీ అనలేదు. పైగా రోజూ వచ్చి పక్కన కూర్చుని, "అప్పుడు ఏమైందండీ? నిజంగానే ఇలా జరిగిందా?" అని అడుగుతున్నారట. వరహాలు జడలో పువ్వులు పెట్టుకుంటోంది మంజూ. ఎన్నేళ్లయిందో నేను చూసి.

నీ నటి అడిగిన ప్రశ్న దాన్ని అడిగాను. "ఆయన వస్తువు మా ఇంట్లో ఉంచుకుంటే దొంగతనం అవుతుందని తెచ్చాను" అంది. అంతే.

ఆశీస్సులతో,
భూలక్ష్మి


పంజాగుట్ట
25 నవంబర్ 2024

పిన్నీ,

స్పీడ్ పోస్టులో వేస్తున్నాను. గురువారం లోపల అందాలని కోరుకుంటున్నాను. గురువారం సీరియల్ పెట్టకండి. కేబుల్ రావట్లేదని చెప్పు, ఏదైనా చెప్పు.

పది రోజుల కిందట బంజారా హిల్స్‌లో ఛానెల్ ఆఫీసుకి పిలిచారు. చూసేవాళ్లు తగ్గారట. గోడ మీద గీతలు చూపించారు. దుర్గేష్ గారు చాలా మర్యాదగానే చెప్పారు. "మేడమ్, ఇద్దరాడోళ్లు గింత మంచిగుంటే ప్రేక్షకులు రేపు ఏం చూడనీకి వస్తరు? ఆ రెండో ఆమె వచ్చిందే పగ తీర్చుకోనీకి. ఇంగ చూడున్రి, గీత ఎట్ల లేస్తదో" అన్నారు. పెద్దావిడ తాగే పాలల్లో ఏదో కలపాలట.

కుదరదన్నాను. ఆవిడ నా ఇంటి మనిషి అన్నాను. ఎవరూ నవ్వలేదు కానీ ఎవరూ వినలేదు. హనుమత్ప్రసాద్ గారు నన్ను బయటికి తీసుకొచ్చి, "అమ్మా, నువ్వు కాదంటే సోమవారం ఇంకొకరు వచ్చి కూర్చుంటారు. వాళ్లకి ఆవిడెవరో తెలియదు. నువ్వుంటే కాస్త నెమ్మదిగా పోవచ్చు" అన్నారు. నిజమే అనిపించింది. నిజమేనా పిన్నీ? నాకు ఇప్పటికీ తెలియదు.

తీశాను. రవళి, "మొన్నటిదాకా నేను మంచిదాన్నే కదా మేడమ్" అని ఏడ్చింది. తర్వాత నవీన పక్కన కూర్చుని ఆ సీను నేనే కట్ చేశాను. పాలల్లో కలిపే పొట్లం కనిపించకుండా, గ్లాసు, చెయ్యి, మొహం, అంతే ఉంచాను. సౌండు తీసేసి చూస్తే ప్రేమగా పాలిస్తున్నట్టే ఉంటుంది. నా చేతిలో ఉన్నది అంతే. మ్యూజిక్కూ, ఆవిడ మనసులో అనుకునే మాటలూ ఛానెల్ వాళ్లే వేస్తామన్నారు.

నిన్న వరహాలు పిన్నికి ఫోను చేశాను, చెప్పేద్దామని. తియ్యగానే నవ్వుతూ, "ఏమే, ఈ వారం నా చేత ఏం చేయిస్తున్నావు?" అంది. అన్నం తిన్నావా అని అడిగి పెట్టేశాను.

నీ ఉత్తరం చదివాక నిద్ర సరిగ్గా పట్టడం లేదు. ఆవిణ్ణి అడిగావనే అనుకున్నాను.

మంజు


తుని
3 డిసెంబర్ 2024

మంజూషకి,

నీ స్పీడ్ పోస్టు శనివారం చేరింది.

గురువారం ఏం జరిగిందో నీకు తెలియాలి. జానకీదేవి గారు, ఆవిడ కోడలు, ఇంకో ఇద్దరు మా గదిలోనే కూర్చున్నారు. రవళి పాల గ్లాసు పట్టుకుని వచ్చింది. ఎంత నెమ్మదిగా తీశావు! గుమ్మంలో ఆగడం, మొహం తిప్పుకోవడం. నాకు మా మొదటి సంవత్సరం గుర్తొచ్చింది. జ్వరం వస్తే అది ఇలాగే వచ్చి నిలబడేది, నన్ను పేరు పెట్టి ఎలా పిలవాలో తెలియక. నేను సంతోషం పట్టలేక అందరి ముందూ గట్టిగా, "చూడు వరహాలూ, ఎంత ప్రేమగా ఇస్తోందో! అచ్చం నువ్వే!" అన్నాను.

నేను అందరి మొహాలూ చూస్తున్నాను. ఏమైందో నాకు తెలియడం లేదు. వరహాలు లేచి వంటింట్లోకి వెళ్లింది. జానకీదేవి గారి కోడలు నా ఎదురుగా వచ్చి, పెదాలు బాగా తిప్పుతూ, "విషం అండీ, విషం" అంది.

ఆ రాత్రి వరహాలుకి చెప్పాను, నాకు తెలియదని, నేను బొమ్మ మాత్రమే చూశానని. నమ్మిందో లేదో. శనివారం నీ ఉత్తరం వచ్చాక చదివి వినిపించాను. అంతా విని ఒకటే అడిగింది: "మంజు నన్ను అడగమందా? ముందే అడగమందా?" అవునన్నాను.

నువ్వు పొట్లం దాచి ఏం బాగుచేశావో నాకు అర్థం కావడం లేదు. దాచకపోతే కనీసం నా నోరు లేచేది కాదు.

దీన్ని సరిచెయ్యి.

భూలక్ష్మి


పంజాగుట్ట
12 డిసెంబర్ 2024

పిన్నీ,

నీ ఉత్తరం బ్యాగులో పెట్టుకుని నాలుగు రోజులు తిరిగాను.

సరిచేస్తున్నాను. ఒక సీను రాశాను. పాలల్లో కలిపింది ఆవిడ కాదు, ఆడపడుచు. ఆవిడ చూసి, గ్లాసు మార్చి, తను తాగేస్తుంది. ఇంట్లో అందరికీ నిజం తెలుస్తుంది. దుర్గేష్ గారికి చూపించాను. "చూద్దాం మేడమ్" అన్నారు. ఎప్పుడూ వద్దనే మనిషి, చూద్దాం అన్నారంటే ఒప్పుకున్నట్టే. జనవరి మొదటి వారంలో వచ్చేస్తుంది. వరహాలు పిన్నికి చెప్పు. ఒక్క మూడు వారాలు ఓర్చుకోమను. మళ్లీ అందర్నీ పిలిచి పక్కన కూర్చోబెట్టుకోమను.

నేను వచ్చి కాళ్ల మీద పడాలి. సెలవు లేదు. రోజూ ఒక ఎపిసోడ్ పోతుంటే డైరెక్టర్‌కి సెలవుండదు.

మంజు


తుని
20 ఫిబ్రవరి 2025

మంజూష గారికి,

గారు అని ఎందుకు రాశానో నీకు తెలుస్తుంది.

జనవరి మొదటి వారం అన్నావు. అరుగు మీది వాళ్లకి వరహాలు చెప్పుకుంది, "కొన్నాళ్లు ఆగండి, నిజం వస్తుంది" అని. సంక్రాంతి వెళ్లింది. రథసప్తమి వెళ్లింది. నీ నుంచి ఒక ముక్క లేదు. ఫిబ్రవరిలో ఆ రవళి చేత పెద్దావిడ చెంప మీద కొట్టించావు. మూడుసార్లు, మూడు వైపుల నుంచి. తర్వాత పిల్లాడి చేత కూడా అబద్ధాలు చెప్పించావు. ఆ పిల్లాడంటే మన వంశీధర్, గుర్తుందా? నీ వెనక పలక పట్టుకుని తిరిగినవాడు.

ప్రతిరోజూ చివర్లో నీ పేరు పడుతోంది. నేను గట్టిగా చదవడం మానేశాను కానీ కళ్లు ఉన్నాయి కదా, చూస్తున్నాను.

జానకీదేవి గారు చెడ్డ మనిషి కాదు. ఒకరోజు వరహాలు వంకాయ కూర గిన్నెలో పెట్టి పంపింది. ఆవిడ కోడలు నవ్వుతూ, "ఇందులో ఏమీ కలపలేదు కదా పిన్నిగారూ" అందట. హాస్యానికే. వరహాలూ నవ్విందట. సాయంత్రం గిన్నె అలాగే తిరిగి వచ్చింది, మూత కూడా తియ్యలేదు. ఇంట్లో అప్పటికే కూర ఉందని చెప్పారు. ఉండే ఉంటుంది. ఆ తర్వాత వరహాలు ఎవరికీ ఏమీ పంపలేదు. నాకు అన్నం వడ్డించి, నేను మొదటి ముద్ద తినేదాకా నిలబడి నా మొహం చూసేది. నేనేమనుకుంటున్నానో అని. అది చూడలేకపోయాను మంజూ.

మొన్న ఆదివారం వంశీ వచ్చాడు. విశాఖపట్నం పోర్టులో ఉద్యోగం, క్వార్టర్స్ ఇచ్చారు, గది ఖాళీగా ఉంది అన్నాడు. అది అడిగి రప్పించుకుందని నాకు తెలుసు. ఉండమని అడిగాను. "వస్తూ ఉంటాలే అక్కా" అని వాడితో వెళ్లిపోయింది. రెండు సంచులు. ఇరవై ఏడేళ్లకి రెండు సంచులు.

నీకు ఉత్సాహంగా ఉందా? బాగా పేరొచ్చిందా?

భూలక్ష్మి


అమీర్‌పేట
28 ఫిబ్రవరి 2025

పిన్నీ,

నన్ను జనవరి ఇరవైన తీసేశారు.

నువ్వు చూసిన చెంపదెబ్బలు నావి కావు. నీకు రాయాల్సింది. రాయలేకపోయాను. నీకు మాట ఇచ్చి, ఆ మాటతో పాటు నన్నూ పక్కన పెట్టేశారని ఎలా రాయను? ఈ నెల బాగవుతుంది, అప్పుడు రాద్దాం అనుకుంటూ నెల గడిపాను.

గ్లాసు మార్చే సీను తీశాను. ఎవరూ వద్దనలేదు. రవళి ప్రాణం పెట్టి చేసింది. ఎపిసోడ్ కట్ చేసి పంపాను. టీవీలో వచ్చేసరికి ఆ నాలుగు నిమిషాలు లేవు. వాటి బదులు రవళి మేడ మీద నిలబడి నవ్వుతోంది. ఎప్పుడో ఆరో రోజున, పిల్లాణ్ణి చూసి నవ్విన షాట్ అది. నవీన చేత పెట్టించారు. నవీన ఏడుస్తూ చెప్పింది: "అక్కా, నేను చెయ్యనంటే ఇంకొకడు చేస్తడు. నువ్వు సుత గదే అనుకున్నవ్ కద." ఆ పిల్లని ఏమనను?

నేను గట్టిగా అడిగాను. ఆ సోమవారం సెట్లో నా కుర్చీలో కేదార్ అని కొత్తాయన కూర్చుని ఉన్నాడు. లేచి నిలబడి, నమస్కారం పెట్టి, మళ్లీ కూర్చున్నాడు.

పేరు తీసెయ్యమని అడిగాను పిన్నీ. నాలుగుసార్లు అడిగాను. రాజనర్సయ్య గారు అన్నారు: "పేరు తియ్యాలంటే టైటిల్ మళ్ల కొట్టాలె, ఛానెల్‌కి పంపాలె, వాళ్లు ఓకే అనాలె. ఎవ్వరికీ ఫికర్ లేదు మేడమ్. పేరుంటే మీకే మంచిగ కదా?" ఆయన నాకు మేలు చేస్తున్నాననే అనుకుంటున్నారు.

ఇప్పుడు అమీర్‌పేటలో ఒక కోచింగ్ సెంటర్లో పని చేస్తున్నాను. సాఫ్ట్‌వేర్ పాఠాలు వీడియోలు తీసి అమ్ముతారు. మాస్టారు మాటకి ముందొకసారి, వెనకొకసారి "సో" అంటాడు. ఆ "సో"లన్నీ కోసి తీసెయ్యడం నా పని. మెట్రో మెట్ల కింద నిలబడితే మా సీరియల్ పోస్టరు కనిపిస్తుంది. అందుకే నేను అవతలి పక్క నుంచి నడుస్తున్నాను.

వరహాలు పిన్నికి రోజూ ఫోను చేస్తున్నాను. మోగి ఆగిపోతుంది. వంశీ ఒకసారి ఎత్తి, "అమ్మ పడుకుంది అక్కా" అన్నాడు. అప్పుడు పొద్దున పదకొండు.

ఒక మాట నవీన ద్వారా తెలిసింది. రవళికి వేరే సీరియల్ దొరికిందట. మార్చి ఇరవై ఒకటి శుక్రవారం ఆ పాత్రని చంపేస్తున్నారు. మెట్ల మీంచి పడిపోతుందట. వరహాలు పిన్ని ఇంకా చూస్తోందో లేదో తెలియదు. చూస్తుంటే ఆ రోజు ఒక్కతే చూడకూడదు. నేను వెళ్తే తలుపు తియ్యదు. నువ్వు వెళ్లగలవా?

అడగకుండా ఆవిడ కథ నేను ఒకచోట చెప్పేశాను. నువ్వు ఇంకోచోట ఇచ్చేశావు. నీ మీద నెట్టడం లేదు. మొదట చెప్పింది నేనే.

నీ మంజు


తుని
24 మార్చి 2025

మంజూ,

గురువారం బయల్దేరి విశాఖపట్నం వెళ్లాను. వంశీ భార్య భానుశ్రీ తలుపు తీసింది. వరహాలు వెనక నిలబడి చూసి, లోపలికి వెళ్లి మంచినీళ్లు తెచ్చింది. ఎందుకొచ్చావని అడగలేదు. బాగానే ఉంది, కాస్త చిక్కింది. జడలో పువ్వులు లేవు.

శుక్రవారం ఏడుంపావుకి వంటిల్లు కట్టేసి వచ్చి టీవీ ముందు కూర్చుంది. రోజూ చూస్తోందట. కోడలు వద్దన్నా మానదట. "ఆవిడకి ఏమవుతుందో తెలియాలి కదా" అంటుందట. నేను పక్కన కూర్చున్నాను. అలవాటుగా అది మాటలు నాకు వేళ్లతో చెప్పడం మొదలుపెట్టింది. నాకు ఏడుపొచ్చింది కానీ ఆపుకున్నాను. మొహం తిప్పితే మాట పోతుంది.

ఆ అమ్మాయి మెట్ల మీంచి పడింది. చాలా మెట్లు. మూడుసార్లు పడేశారు. పడి, పెద్దావిడ ఒళ్లో తల పెట్టుకుని క్షమించమని అడిగింది. వరహాలు చెయ్యి ఆపేసింది. "ఏమంటోంది?" అని అడిగాను. "ఏం లేదులే" అంది.

పేర్లు వచ్చాయి. నా వైపు చూసింది, చదవమని. నేను చదివి, "ఇది ఉత్త పేరే. మన పిల్ల జనవరి నుంచే లేదట. పేరు తియ్యమన్నా తియ్యలేదట" అన్నాను. నీ ఉత్తరం అంతా చెబుదామని గుక్క తిప్పుకుంటున్నాను. "నాకు తెలుసు" అంది. ఎలా తెలుసన్నాను. "మంజు అయితే మనిషి మొహం చూడనిస్తుంది. వీళ్లు చూడనివ్వడం లేదు" అంది. చదువు వచ్చిన నేను పేరు చూసి నిన్ను తిట్టాను. చదువు రాని అది నెల రోజుల ముందే తప్పు నీది కాదని తెలుసుకుంది. ఆ ఉత్తరంలో గారు అన్నది కొట్టేసుకో.

మరి ఎందుకు వెళ్లిపోయావు, వచ్చెయ్ అన్నాను. తర్వాత నాకు బాగా కనిపించేలా నా ఎదురుగా వచ్చి కూర్చుని, "అక్కా, ఆ రోజు గేటు దగ్గర నువ్వు రమ్మన్నావు, వచ్చాను. వెళ్లమంటే వెళ్లేదాన్ని. నీ ఇల్లు. ఆ గొడుగు కథ ఒక్కటే నాది. అది కూడా నువ్వే ఇచ్చేశావు" అంది. కోపంగా అనలేదు.

నీ ఫోను ఎత్తుతుందట. ఏం మాట్లాడాలో తెలియక ఎత్తలేదంది. చెయ్యి. ఏమీ అడగకు, అన్నం తిన్నావా అని అడుగు చాలు.

ఆదివారం పాసింజరుకి వచ్చేశాను. వంశీ ఆటో తేవడానికి వెళ్తే, ఇద్దరం వాకిట్లో నిలబడ్డాం. ఉన్నట్టుండి నా చెయ్యి పట్టుకుని, "అక్కా, ఇప్పుడు ఆ పెద్దావిడ ఒక్కతే అంత ఇంట్లో ఎలా ఉంటుందో, అది చూపిస్తారా?" అని అడిగింది.

"అదెవరు చూస్తారే" అన్నాను. ఆటో వచ్చింది.

నీ పిన్ని,
భూలక్ష్మి